చాపెల్ వైపు గీత

రెండో గోలు కూడా ఎడమవైపే వెళ్ళింది.

యెస్టిన్ దూకలేదని ఎవరూ అనడానికి లేదు. దూకాడు. బురదలో బారుగా పడ్డాడు. మెడ దగ్గర్నుంచి నడుం దాకా చల్లటి నీళ్ళు జారుతుండగా తల తిప్పి చూశాడు. వేలి కొసకూ బంతికీ మధ్య జానెడు సందు మిగిలింది. బంతి వలలో పడి, ఇక ఎక్కడికీ పోవలసిన పని లేనట్టు నింపాదిగా ఆగింది.

గోలు వెనక మెట్ల మీద కిక్కిరిసి నిలబడ్డ జనం ఉసూరుమన్నారు. ఆ తర్వాత ఎవడిదో గొంతు లేచింది.

"యెస్టిన్ బాబూ, ఎడమ చెయ్యేదిరా? బస్సులో మర్చిపోయొచ్చావా?"

నవ్వులు. రెండో నిమిషానికి అదే మాట పాటయింది. వేల్సు జనానికి పాట కట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పెళ్ళికీ పాడతారు, చావుకీ పాడతారు, పంతొమ్మిదేళ్ళ కుర్రాడి పరువు తియ్యడానికీ పాడతారు, అదీ శ్రుతి తప్పకుండా.

యెస్టిన్ లేచి మళ్ళీ గీత మీదికొచ్చి నిలబడ్డాడు. గోల్‌కీపర్‌కి గోలెప్పుడూ వీపు వెనకే ఉంటుంది. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటే ముందు నుంచి బంతి వచ్చేస్తుంది. అందుకని గోలుకి సరిగ్గా మధ్యన, బూటు మడమతో నేలలో ఒక గీత తొక్కుకుంటాడు. కాలికి ఆ గీత తగిలితే చాలు, రెండు స్తంభాలూ ఎంతెంత దూరంలో ఉన్నాయో ఒళ్ళే చెబుతుంది. నది వైపు గోలు దగ్గర ప్రతి వానకీ నీళ్ళు నిలుస్తాయి కాబట్టి అక్కడ ఏ గీతా వారం ఆగదు, ఎవరిది వాళ్ళు గీసుకోవలసిందే. చాపెల్ వైపు, అంటే ఊరి ప్రార్థన మందిరం ఉన్న వైపు, గోలు దగ్గర మాత్రం ఒక్కటే గీత, బండిచక్రం జాడంత లోతుగా ఉంది. పదేళ్ళుగా అబెర్‌వెన్ టౌన్ జట్టుకి గోలు కాస్తున్న ఎమ్రిస్ గెథిన్ తొక్కిన గీత అది. ఎమ్రిస్ వేలు విరిగి కూర్చోబట్టే ఈ కుర్రాడికి ఆ గీత మీద నిలబడే భాగ్యం దక్కింది.

భాగ్యమో, ఇంకొకటో.

ఆట అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో డకెట్ అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. డకెట్ జట్టుకి మేనేజరు. ఇంగ్లండువాడు. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచడు, అందుకే అతని మాట గది నలుమూలలా వినబడుతుంది.

"యార్క్‌షైర్‌లో ఒక్క గోలు పోనివ్వలేదు. ఇక్కడ రెండు ఆటలాడావు. రెండింట్లోనూ మొదటి సగం పులివి. చాపెల్ వైపు గోలుకి రాగానే పిల్లివి. మనూరి జనం వీపు వెనక నిలబడితే నీ గుండె నీరైపోతుందా?"

"లేదు బాస్."

"మరి ఎడమవైపు అంత సందెందుకు వస్తోంది?"

 యెస్టిన్ బురద కారుతున్న చేతుల వైపు చూసుకున్నాడు.

"నెలాఖరున నీచేత సంతకం పెట్టిద్దామనుకున్నాను. ప్రొఫెషనల్‌గా. ఇప్పుడేమో నిన్ను ఎంచినందుకు నాకే సిగ్గుగా ఉంది," అనేసి డకెట్ వెళ్ళిపోయాడు.

ఓడినా గెలిచినా కుర్ర ఆటగాళ్ళ చాకిరీ తప్పదు. అందరూ వేడినీళ్ళ తొట్టిలోకి దిగాక యెస్టిన్ పేము బుట్ట పట్టుకుని తడి జెర్సీలు ఏరాడు. అన్నింటికన్నా ఆఖరున వచ్చేది ఎమ్రిస్ జెర్సీ అని జట్టులో పాత జోకు. గదంతా ఖాళీ అయ్యేదాకా బురద జెర్సీతోనే బల్ల మీద కూర్చుని, అప్పుడు తలుపు సందులోంచి బయటికి విసిరేవాడు. పెళ్ళాన్నైనా వదుల్తాడు గానీ జెర్సీని వదల్డని ఏడిపించేవాళ్ళు. ఈ మూడు వారాలుగా ఆ ముచ్చట లేదు. వేలికి కట్టుతో, కోటు వేసుకుని, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అబ్బాయ్," అన్నాడు ఎమ్రిస్. "రేపు తిని పడుకో. మంగళవారం నించి ఎడమవైపు సాధన చేద్దాం. నేను వేస్తాను బంతులు."

ఆ ఒక్క మంచి మాటకే యెస్టిన్‌కి కళ్ళు చెమర్చాయి.

*

ఆదివారం చాపెల్లో ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర అందరికీ కరచాలనం చేసే పెద్దమనిషి, యెస్టిన్ రాగానే కుడిచెయ్యి జేబులో పెట్టుకుని ఎడమది చాపాడు. "ఇటియ్యి నాయనా, ఉందో లేదో చూద్దాం." దేవుడి ఎదట కూడా ఆట ఓడిపోతే క్షమాపణ లేదు ఆ లోయల్లో. చుట్టూ ఉన్నవాళ్ళు నోటికి టోపీలు అడ్డం పెట్టుకుని నవ్వారు. యెస్టిన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా వారం రోజులు నవ్వుతారని తెలుసు.

ఇంట్లో తండ్రి గ్విన్‌ఫోర్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన అబెర్‌వెన్‌కీ కుమ్‌రెదిన్‌కీ మధ్య తిరిగే బస్సులో కండక్టరు. శనివారం సాయంత్రం ఆట నుంచి తిరిగొచ్చే జనమంతా ఆయన బస్సే ఎక్కారు.

"ఏమన్నారు నాన్నా?"

"ఏమంటారు? సీట్ల కింద వంగి వెతికారు. 'గ్విన్‌ఫోర్, ఇక్కడో చెయ్యి పడి ఉండాలి, చూశావా' అని. ఒకడైతే దానికి కూడా టిక్కెట్టిమ్మన్నాడు."

"మీరేమన్నారు?"

"సగం టిక్కెట్టు కొట్టిచ్చాను," అన్నాడు తండ్రి. 

తల్లి నెస్టా పెనం మీద ఎండుద్రాక్ష బిళ్ళలు కాలుస్తోంది. అట్లకాడ గాలిలో ఆపి ఇటు తిరిగింది.

"నాకు నవ్వొస్తోంది వింటుంటే. పుట్టు పుర్రచేతివాడు వీడు. సండే స్కూల్లో టీచరమ్మ వీడి ఎడమ చేతిని రిబ్బనుతో కుర్చీకి కట్టేసింది, కుడిచేత్తో రాయమని. ఏమైంది? పళ్ళతో రిబ్బను తెంపుకుని మళ్ళీ ఎడమచేత్తోనే రాశాడు. తినడం దాంతోనే, రాళ్ళు విసరడం దాంతోనే. వీడికి ఎడమ చెయ్యి లేదా? ఎవడా అన్నది?"

"ఊరంతా అన్నదమ్మా," అన్నాడు యెస్టిన్.

పళ్ళెంలోంచి వేడి బిళ్ళ తీసుకున్నాడు. ఎడమచేత్తోనే తీసుకున్నాడు. తీసుకున్నాక, మొదటిసారి, ఆ చేతిని ఎవరిదో అన్నట్టు తేరిపార చూశాడు.

*

మంగళవారం పొద్దున్నే డకెట్ పిలిచి రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఎమ్రిస్ వేలు అతుక్కుంది, శనివారం అతనే ఆడతాడు. యెస్టిన్ ఆ ఆట దాకా ఉండి, తర్వాత ఆఫీసులో జట్టు బూట్లు అప్పగించి, ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"ఇంకొక్క అవకాశం బాస్."

"నీకు కసి లేదనను. పొడుగున్నావు, చురుగ్గా ఉన్నావు. ఒక పక్క లేదు. ఒక పక్క లేని గోల్‌కీపర్ని నేనేం చేసుకోను, చెప్పు?"

ఆ మాట తర్వాత ఇంకొకడైతే బట్టలు సంచిలో వేసుకుని బస్సెక్కేవాడు. యెస్టిన్ వెళ్ళలేదు. రేకుల కార్ఖానా వెనక ఉన్న సాధన మైదానానికి వెళ్ళి, రెండు కర్రలు పాతిన గోలు మధ్యన తన గీత తాను తొక్కుకుని, ఎమ్రిస్ కోసం చూస్తూ నిలబడ్డాడు. ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో అతనికి నిజంగా తెలియదు. గోలు ముందు నిలబడని యెస్టిన్ ఎలా ఉంటాడో అతనెప్పుడూ ఊహించుకోలేదు.

ఎమ్రిస్ బంతులు వేశాడు. మంగళవారం, బుధవారం, గురువారం. బంతిని నడుము దగ్గర్నుంచి, మోచెయ్యి ఒంటికి ఆనించే, మణికట్టుతో విసిరేవాడు. ఎడమకి, కింద. ఎడమకి, పైన. స్తంభాన్ని రాసుకుంటూ ఎడమకి. యెస్టిన్ ప్రతిదానికీ పడ్డాడు. తుంటి మీద చర్మం లేచిపోయింది. మోచెయ్యి వాచింది. ఒక్క బంతి వెళ్ళలేదు.

"చూడండి, ఇక్కడ అన్నీ దొరుకుతున్నాయి," అన్నాడు గురువారం సాయంత్రం రొప్పుతూ. "అక్కడికెళ్ళేసరికి ఏమవుతోంది నాకు? ఇంతే దూకుతున్నాను గదా? నిజంగానే పిరికివాణ్ణా నేను?"

ఎమ్రిస్ బంతికి అంటిన బురద గోళ్ళతో గీకుతున్నాడు. చాలాసేపు గీకాడు.

"పెద్ద మైదానం, పెద్ద జనం. కొందరికి అలా అవుతుంది."

"మీకూ అయ్యేదా?"

"లేచి నిలబడు. చీకటి పడుతోంది," అన్నాడు ఎమ్రిస్. "ఇంకొక్క పది వేస్తాను."

ఆ రాత్రి బస్సులో కిటికీ అద్దం మీద యెస్టిన్ ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, తెరిచాడు. అన్నీ పనిచేస్తున్నాయి. పనిచేస్తున్న చెయ్యి ఎందుకు పనికిరావడం లేదో తెలియని బాధ, విరిగిన చెయ్యి బాధ కంటే పెద్దది. విరిగితే కనీసం కట్టు కడతారు.

*

శుక్రవారం మైదానం గీతలకి సున్నం వేసే రోజు. మైదానం చూసుకునే ముసలి ఇద్వల్ ఒక్కడే ఆ పని చేస్తాడు. పెనాల్టీ చుక్క వారం తిరిగేసరికి బురదలో కలిసిపోతుంది. అది మళ్ళీ వెయ్యాలంటే గోలు మధ్య నుంచి మైదానం నడిబొడ్డు దాకా తాడు లాగాలి.

"ఖాళీగా ఉన్నావు గదా, ఈ కొస పట్టుకో," అన్నాడు ఇద్వల్. "గోలు గీత మీద నడిమధ్యన మేకు కొట్టాను. దానికి ఆనించి పట్టుకుని కూర్చో. కదలకు."

యెస్టిన్ చాపెల్ వైపు గోలులో గొంతుక్కూర్చుని తాడు కొస మేకుకి ఆనించి పట్టుకున్నాడు. ఇద్వల్ రెండో కొస పట్టుకుని దూరంగా నడిచాడు. తాడు బురద మీంచి లేచి, నీటి బొట్లు రాల్చుకుంటూ బిగిసింది.

తాడు ఒక దారిన పోయింది. గీత ఒక దారిన ఉంది.

మొదట తాడే తప్పనుకున్నాడు. మేకు దగ్గర్నుంచి ఆ స్తంభం దాకా, మళ్ళీ ఈ స్తంభం దాకా పాదం వెనక పాదం వేసి కొలిచాడు. రెండూ సమానం. వెళ్ళి గీత మీద నిలబడ్డాడు. నిలబడి, ఆటలో ఏ గోల్‌కీపరూ చెయ్యని పని చేశాడు. తల వెనక్కి తిప్పి తీరిగ్గా చూశాడు. కుడి స్తంభం దగ్గరగా ఉంది. ఎడమ స్తంభం దూరంగా ఉంది. నిండు బూటు పొడవంత దూరం, గీత మొత్తం కుడివైపుకి జరిగి ఉంది.

"తాడు వదిలేశావేంట్రా?" అని అరిచాడు ఇద్వల్.

"ఈ గీత మధ్యలో లేదు!"

"ఉంటే ఉంది, లేకపోతే లేదు. అది ఎమ్రిస్‌ది. గడ్డి నాటేటప్పుడు కూడా దాన్ని పూడ్చొద్దన్నాడు నాతో. దాని జోలికి మనం పోం. తాడు పట్టు, వానొచ్చేలా ఉంది."

యెస్టిన్‌కి ముందు వచ్చింది కోపం కాదు, సంతోషం. ఒళ్ళు తేలిపోయేంత సంతోషం. చెయ్యి మంచిదే. గుండె మంచిదే. అన్నీ మంచివే, తను నిలబడ్డ చోటే తప్పు. బురదలో ఒక్కడే నిలబడి పిచ్చివాడిలా నవ్వుకున్నాడు. ఆ తర్వాత, మూడు రోజులుగా ఎమ్రిస్ ఎడమవైపుకి వేసిన బంతులన్నీ ఒకటొకటే గుర్తుకొచ్చాయి. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఎమ్రిస్ బూట్ల గదిలో ఉన్నాడు. రేపటి ఆటకి బూట్లకి కొత్త మేకులు కొడుతున్నాడు. కుడి మోచెయ్యి పక్కటెముకలకి అంటుకునే ఉంది. సుత్తి మణికట్టు దగ్గర మాత్రమే ఆడుతోంది.

"తాడు పట్టి చూశాను," అన్నాడు యెస్టిన్.

సుత్తి ఆగింది. ఏ తాడని ఎమ్రిస్ అడగలేదు. తల కూడా ఎత్తలేదు.

"మీకు తెలుసు."

"నేనే గదా జరిపింది," అన్నాడు ఎమ్రిస్. "కుడి భుజం రెండేళ్ళ కిందటే పోయింది. పైకి లేవదు. పైకి లేవని చెయ్యి ఉన్నవైపు దూరం తగ్గించుకోవాలి గదా. శనివారానికి గోరంత చొప్పున, మడమతో తోసుకుంటూ పోయాను. ఎవరూ చూళ్ళేదు. నా ఎడమ బాగుంది కాబట్టి ఎడమవైపు ఎంత దూరమైనా నేను వెళ్ళగలను. నువ్వెళ్ళలేవు. ఎవరూ వెళ్ళలేరు, అక్కడే ఆడీ ఆడీ అలవాటైతే తప్ప."

"ఇక్కడ మొదటి ఆటకి ముందు నేనడిగాను మిమ్మల్ని. ఎక్కడ నిలబడాలని. 'నా గీత ఉంది గదరా' అన్నారు."

"డకెట్ పక్కనే ఉన్నాడు. ఏమనమంటావు?"

"సరే. తర్వాత?"

ఎమ్రిస్ బూటుని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని తిప్పి, మళ్ళీ తిప్పి పెట్టాడు.

"యార్క్‌షైర్‌లో నువ్వాడింది చూశాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరూ నీ చుట్టూ చేరారు. నా పక్క సీటు ఖాళీ. నాకు భయమేసిందిరా. నువ్వంటే భయం. ఒక్క గోలు పోతే చాలు, నా చోటు నాకు వస్తుందనుకున్నాను. పోయింది. అప్పుడు చెప్పాలనుకున్నాను. చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారు. అలా..."

"మూడు రోజులు నాచేత ఎడమవైపు దూకించారు."

"దూకించాను."

"అక్కడ ఏ లోపమూ లేదని తెలిసి."

"తెలిసే. ఇంకేం చేసి నీ మొహం చూడను?"

 యెస్టిన్‌కి పెద్దవాణ్ణి కొట్టాలనిపించింది. కొట్టడానికి కూడా ఎడమ చెయ్యే లేచేది, అది తనకి తెలుసు.

"రేపు ఇంటికి పంపుతున్నది నన్ను. మిమ్మల్ని కాదు."

"భుజం సంగతి తెలిస్తే డాక్టరు ఆ పూటే నన్ను పంపేస్తాడు. ముప్పయ్యారేళ్ళు నాకు. ఇదొక్కటే వచ్చు."

"నాకూ ఇదొక్కటే వచ్చు."

 డకెట్ ఆ రోజు ఇంగ్లండులో ఏదో ఆట చూడ్డానికి వెళ్ళాడు, రేపు ఆట వేళకి గానీ రాడు.

"రేపు ఆట అవగానే బాస్‌కి చెప్తాను," అన్నాడు యెస్టిన్. "మీ ముందే చెప్తాను."

"చెప్పు. చెప్పకపోతే వెర్రివాడివి."

ఎమ్రిస్ మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

*

శనివారం బస్సులో వస్తూ యెస్టిన్ చెప్పవలసిన మాటలు వరసపెట్టి వల్లించుకున్నాడు. గీత వంకరని చెబితే ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. కాబట్టి ముందు భుజం సంగతి చెప్పాలి. బాస్, ఎమ్రిస్‌ని చెయ్యెత్తమనండి. అంతే. ఎత్తలేడు. మిగతాదంతా దానంతట అదే బయటికొస్తుంది. గోల్‌కీపర్ లేని జట్టు తనని ఎలాగూ పంపించదు. అదీ ఆలోచించాడు. ఆలోచించినందుకు సిగ్గుపడలేదు. తనది తను అడగడానికి సిగ్గెందుకు?

రెండో సగంలో అబెర్‌వెన్ ఒక గోలు ఆధిక్యంలో ఉంది. ఎమ్రిస్ చాపెల్ వైపు గోలులోకి నడిచొచ్చాడు. జనం పేరుపెట్టి పాడుతూ లేచారు. అతను మడమతో గీతని రెండుసార్లు తట్టి, దాని మీద నిలబడ్డాడు. పక్క బల్ల మీద కోటు కప్పుకుని కూర్చున్న యెస్టిన్ చూపు ఆ కాళ్ళ మీంచి కదల్లేదు. ఇప్పుడు తెలిసి చూస్తుంటే ఎంత స్పష్టంగా ఉందో! గుడ్డివాడికైనా కనబడుతుంది. అయినా ఇన్ని వేలమందిలో ఒక్కరికీ కనబడదు. గోలు పోనంతసేపు గోల్‌కీపర్ ఎక్కడ నిలబడ్డాడో ఎవడిక్కావాలి?

ఎడమకి రెండు వచ్చాయి. రెండింటికీ మెరుపులా వెళ్ళాడు ఎమ్రిస్. అంత దూరం ఎలా వెళ్తున్నాడో యెస్టిన్‌కి అంతుపట్టలేదు. మెచ్చుకోకూడదనుకున్నాడు గానీ, లోపలి గోల్‌కీపర్ ఊరుకోడు, మెచ్చుకున్నాడు.

ఆఖరి నిమిషాల్లో కార్నర్ వచ్చింది. అవతలి జట్టువాడు తలతో కొట్టాడు. బంతి కుడివైపు, పైకి, అడ్డదూలం కిందికి.

ఎమ్రిస్ లేచాడు. రెండేళ్ళుగా లేవని చెయ్యి లేచింది. ఎలా లేచిందో ఆ దేవుడికి తెలియాలి. బంతి వేళ్ళకి తగిలి దూలం మీంచి అవతలికి పడింది. ఎమ్రిస్ కట్టె విరిగినట్టు కింద పడ్డాడు. మెట్ల మీద జనం పిచ్చెత్తిపోయారు. యెస్టిన్ బల్ల మీంచి లేచి నిలబడి ఉన్నాడు. తన గొంతే అందరికంటే పెద్దగా అరుస్తోందని కాసేపటికి గానీ అతనికి తెలియలేదు.

ఎమ్రిస్ లేచాడు. కుడిచెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, చలేస్తున్నవాడిలా ఆట ముగిసేదాకా నిలబడ్డాడు.

*

తొట్టి గదిలోంచి ఆవిరి, పాట కలిసి వస్తున్నాయి. బట్టల గదిలో ఇద్దరే మిగిలారు. ఎమ్రిస్ బురద జెర్సీతో బల్ల మీద కూర్చున్నాడు. యెస్టిన్ పేము బుట్టతో ఎదట నిలబడ్డాడు. ఈసారి బయట నిలబడలేదు.

"విప్పండి."

ఎమ్రిస్ ఎడమచేత్తో జెర్సీ అంచు పట్టుకుని లాగబోయాడు. పెదవి కొరుక్కున్నాడు. నుదుటి మీద చెమట పోసింది. రెండోసారి ప్రయత్నించి ఊరుకున్నాడు. తడి నూలు జెర్సీ మామూలు మనిషికే ఒక పట్టాన ఊడదు.

యెస్టిన్ బుట్ట కింద పెట్టాడు. ముందు ఎడమచేతిని జెర్సీలోంచి బయటికి తీశాడు. తర్వాత మెడ దగ్గర వెడల్పు చేసి తల మీంచి తప్పించాడు. ఇప్పుడు జెర్సీ మొత్తం కుడి భుజానికి వేలాడుతోంది. నెమ్మదిగా కిందికి జార్చబోతే ఎమ్రిస్ గొంతులోంచి సన్నటి శబ్దం వచ్చింది. యెస్టిన్ చెయ్యి ఆగింది. వేళ్ళ కింద భుజం ఎముక ఉండవలసిన చోట లేదు. చర్మం నిప్పులా కాలుతూ వణుకుతోంది.

తలుపు తెరుచుకుంది. డకెట్.

యెస్టిన్ ఎందుకు చేశాడో గానీ, కొక్కేనికున్న తువ్వాలు లాగి ఎమ్రిస్ భుజం మీద కప్పి, మధ్యన నిలబడ్డాడు.

"ఎమ్రిస్! ఈ ఊళ్ళో నీకు విగ్రహం పెట్టినా తప్పు లేదయ్యా," అన్నాడు డకెట్. మొహం వెలిగిపోతోంది. "పడ్డప్పుడు భుజం మీద పడ్డట్టున్నావు? డాక్టరు పైనే టీ తాగుతున్నాడు, పిలవనా?"

"వద్దు బాస్," అన్నాడు ఎమ్రిస్. పళ్ళ సందులోంచి అన్నాడు.

డకెట్ యెస్టిన్ వైపు తిరిగాడు. "నువ్వు చూస్తున్నావుగా దగ్గర్నుంచి. ఎలా ఉంది భుజం?"

అదే అదను. వెతుక్కుంటూ వచ్చి మరీ అడుగుతున్నాడు. మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. బాస్, చెయ్యెత్తమనండి. ఎమ్రిస్ కళ్ళు మూసుకున్నాడు. బతిమాలలేదు. బతిమాలి ఉంటే యెస్టిన్ చెప్పేసేవాడే. ఆ మూసుకున్న కళ్ళ మీద, రెప్పల్లో చిక్కుకున్న బురద చుక్క ఒకటి అదురుతోంది.

"బానే ఉంది బాస్. బురదకి జెర్సీ అంటుకుపోయిందంతే."



"అదీ," అన్నాడు డకెట్. "చూశావా మరి? అదే గోలు. అదే గీత. అక్కడే నిలబడ్డాడు, ఒక్కటి పోనివ్వలేదు. నీకెందుకు చేతకాలేదు?"

తొట్టిలో పాట ఆఖరి చరణానికి వచ్చింది.

"నాకు ఎడమ చెయ్యి లేదు బాస్."

 డకెట్ అతని భుజం తట్టాడు, మనసారా, దయగానే. "ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావు. మంచి కుర్రాడివి. ఇంక ఆఫీసుకి రానక్కర్లేదులే. ఆ బూట్లు నువ్వే ఉంచుకో."

తలుపు మూసుకుంది.

"ఎందుకురా?" అన్నాడు ఎమ్రిస్.

"తెలీదు," అన్నాడు యెస్టిన్. "మిమ్మల్ని క్షమించాననుకోకండి."

"అనుకోను."

"చెయ్యి వదులుగా ఉంచండి. లాగుతున్నాను."

జెర్సీ ఊడొచ్చింది. ముప్పయ్యారేళ్ళ మనిషి మొహం తువ్వాల్లో దాచుకుని ఏడ్చాడు. యెస్టిన్ జెర్సీని బుట్టలో వేసి, బుట్ట ఎత్తుకుని చాకలి గది వైపు నడిచాడు. అది ఆ రోజు మిగిలిన ఆఖరి పని.

*

ఇంటికెళ్ళేది తండ్రి బస్సులోనే. మెడలో బూట్లు వేలాడేసుకుని ఎక్కిన కొడుకుని చూడగానే గ్విన్‌ఫోర్‌కి అర్థమైంది.  గెలిచిన హుషారులో ఉన్న జనంలో ఒకడు వెనక సీటులోంచి కేకేశాడు.

"ఏం గ్విన్‌ఫోర్, చెయ్యి దొరికిందా మీవాడికి?"

వారమంతా ఆ మాటకి నవ్వి ఊరుకున్న గ్విన్‌ఫోర్ గంట కొట్టి బస్సు ఆపించాడు. "దిగు," అన్నాడు.

"అదేంటయ్యా, సరదాకి..."

"దిగి నడువు. వానలో సరదాగా ఉంటుంది."

వాడు దిగాడు.  యెస్టిన్ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. నాన్న తనకోసం చేసిన ఆ చిన్న పనికి కూడా సంతోషించే ఓపిక లేకపోయింది. ఇప్పుడు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. తనే, తన నోటితోనే, సంతకం పెట్టినట్టు ఒప్పుకుని వచ్చాడు.

నెస్టా మాంసం, లీకు ఉల్లికాడలు, దుంపలు వేసి కాచిన కౌల్ గిన్నెలో పోసి ముందు పెట్టింది. పక్కన రొట్టె కోసి పెట్టింది. కొక్కేనికి వేలాడుతున్న బూట్లని చూసింది, మొగుణ్ణి చూసింది, ఎదురుగా కూర్చుంది.

యెస్టిన్ చెంచా అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు. మూడోది గిన్నె అంచుకి తగిలి బల్ల మీద ఒలికింది. నాలుగోదీ ఒలికింది.

"నాయనా," అంది నెస్టా.  "కుడిచేత్తో తింటున్నావేంట్రా?"

యెస్టిన్ చేతిలో చెంచా వైపు చూసుకున్నాడు. ఎడమ చెయ్యి బల్ల కింద, ఒళ్ళో, ఎవరూ కట్టెయ్యకుండానే కదలక పడి ఉంది.